ఒట్టి టీయేనా?



వంటల గురించి రేడియోలో మాట్లాడమంటే నాకు మొదట్నుంచీ ఒక బెంగ. రంగు చూపించలేను, వాసన పంపించలేను, నోట్లో పెట్టలేను. ఇవాళ మాత్రం ఆ బెంగ లేదు. ఈ రుచి చెవికి తెలుస్తుంది. నా చేతిలో ఒక చక్లీ ఉంది, మరాఠీ వాళ్ల జంతిక. మైకు దగ్గర పెట్టి విరుస్తున్నాను, వినండి.

విన్నారు కదా. టక్కున విరిగిన చప్పుడు కాదది. ఎండుటాకు మీద అడుగు పడ్డట్టు, పొడిపొడిగా ఉంది. మరాఠీలో ఆ చప్పుడికొక మాట ఉంది. ఆ మాట నాకు తలకెక్కడానికి దాదాపు ఏడాది పట్టింది. ఆ కథే చెబుతాను.

మా వారి ఉద్యోగం పుణ్యమా అని కొన్నేళ్లు పుణెలో ఉన్నాం. సదాశివ్ పేఠ్‌లో ఒక పాత వాడాలో పైవాటా. వాడా అంటే మధ్యలో ముంగిలి, చుట్టూ గదులు, చెక్క మెట్లు. మన మండువా లోగిలికి మేనత్త కూతురనుకోండి. కింది వాటాలో ఒక పెద్దావిడ ఉండేవారు. వాడా అంతా ఆవిణ్ణి ఆజీ అనేది. అమ్మమ్మైనా నాయనమ్మైనా మరాఠీలో ఆజీయే. నేనూ అలాగే పిలిచాను.

పుణె వాళ్ల మర్యాద మీద మహారాష్ట్రంతా జోకులు వేసుకుంటుంది. చుట్టం గుమ్మంలో అడుగుపెట్టగానే "భోంచేసే వచ్చి ఉంటారుగా?" అంటారట. వద్దన్నా విస్తరి ముందు కూర్చోబెట్టే గోదావరి జిల్లాల వాళ్లు వింటే కళ్లు తిరుగుతాయి. భోజనం సంగతి నాకు తెలీదు గానీ, టీ విషయంలో మాత్రం ఆ జోకు పచ్చి అబద్ధం. ఆజీ టీ కప్పు చేతిలో పెట్టి, మనం మొదటి గుక్క తాగేలోగా తనే తన మీద కోప్పడ్డట్టు "నుసతా చహా?" అనేవారు. ఒట్టి టీయేనా, అని. ఆ వెంటనే అలమార తలుపు, డబ్బా మూత, స్టీలు పళ్లెం, వరసగా మూడు చప్పుళ్లు. ఒట్టి టీ ఇవ్వడం ఆ ఇంట్లో దాదాపు అమంగళం.

ఆ టీ గురించి ఒక్క మాట. పాలు, నీళ్లు, పొడి, పంచదార కలిపి మరిగిస్తారు. అల్లం దంచి వేస్తారు. వానాకాలమైతే పెరట్లోంచి నాలుగు నిమ్మగడ్డి పోచలు తుంచి ముడేసి పడేస్తారు. దాన్ని గవతీ చహా అంటారు. బజార్లో అయితే 'అమృతతుల్య' అని బోర్డు పెట్టుకున్న చిన్న దుకాణాలు ఉంటాయి. ఇత్తడి గిన్నెలో, యాలకులతో, తియ్యగా, చిక్కగా కాచే టీ. పేరు అచ్చంగా సంస్కృతం, ఊరు పుణె, పెట్టింది మాత్రం రాజస్థాన్ నుంచి వచ్చిన కుటుంబాలు. ఆ టీ అంత తీపి కాబట్టే పక్కన కారంగా, ఉప్పగా, కరకరలాడేది ఏదో ఒకటి ఉండాలి.

సరే, చక్లీ దగ్గరికొస్తాను. మొదటి దసరాకి నేను జంతికలు చేశాను. మా కృష్ణా జిల్లా పద్ధతిలో బియ్యప్పిండి, కాస్త శనగపిండి, వాము, నువ్వులు. ఒక గిన్నె నిండా కిందికి పట్టుకెళ్లాను. ఆజీ ఒకటి తీసుకుని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశారు. తర్వాత చెవి పక్కన పెట్టుకుని విరిచారు. "కుర్‌కురీత్ ఆహే" అన్నారు. కరకరలాడుతోంది, అని. నేను పొంగిపోయాను. అది మెప్పులో రెండో తరగతని ఏడాదికి గానీ తెలియలేదు.

మరాఠీలో కరకరకి మూడు మెట్లున్నాయి. కుర్‌కురీత్ అంటే పళ్లకింద కరకరమనేది. అప్పడం అలా ఉండాలి. చుర్‌చురీత్ అంటే పొయ్యి మీంచి అప్పుడే దిగి, ఇంకా చిటపటమంటున్నది. ఖుస్‌ఖుశీత్ అన్నది వేరు. కొరికితే చప్పుడు తక్కువ, నోట్లో ఇట్టే పొడై కరిగిపోవాలి. మనకీ ఆ తేడా తెలుసు. "జంతికలు గుల్లగా వచ్చాయా?" అని మా అమ్మ అడిగేది. గుల్ల అంటే అచ్చం అదే. కరకరలాడేవన్నీ గుల్లగా ఉండవు, కొన్ని రాళ్లలాగా కూడా కరకరమంటాయి. ఈ మూడూ కాక ఖమంగ్ అని ఇంకో మాట ఉంది. వేపుడు వాసన, పోపు వాసన, నువ్వులు చిట్లిన వాసన, అన్నీ కలిసి గుమ్మందాకా వస్తే ఖమంగ్. మన 'కమ్మగా'కి చెవిలో దగ్గరగా ఉంటుంది, చుట్టరికం ఉందో లేదో భాషావేత్తలకి వదిలేద్దాం.

నా జంతికలు ఎందుకు ఖుస్‌ఖుశీత్ మెట్టు ఎక్కలేకపోయాయి? దానికి జవాబు భాజణీ. భాజణం అంటే వేయించడం. దినుసుల్ని పిండి పట్టించక ముందే వేయిస్తారు. ఆజీ లెక్క చెబుతాను. నాలుగు వాటీల బియ్యం, రెండు వాటీల శనగపప్పు, ఒక వాటీ మినప్పప్పు, అర వాటీ పెసరపప్పు, గుప్పెడు అటుకులు, ధనియాలు, జీలకర్ర. వాటీ అంటే చిన్న గిన్నె. మరాఠీ వంటింట్లో తూకం రాయి ఉండదు, వాటీయే కొలత. కమలాబాయి ఓగలే 1970లో 'రుచిరా' అనే వంటల పుస్తకం రాసినప్పుడు గ్రాముల జోలికి పోకుండా ఈ వాటీ లెక్కలే ఇచ్చారు. కొత్త కోడళ్లకి ఆ పుస్తకం సారెలో పెట్టి పంపేవారని ఆజీ చెప్పారు. ఆవిడ ప్రతికి అట్ట ఊడిపోయి, చక్లీ పేజీ మీద నూనె మరకలుండేవి. ఏ పుస్తకానికైనా అంతకంటే మంచి సమీక్ష ఏముంటుంది చెప్పండి.

బియ్యం, పప్పులు కడిగి, పాత నూలు చీర మీద నీడలో ఆరబోస్తారు. తర్వాత దేనికది విడిగా, సన్న సెగ మీద వేయిస్తారు. విడిగా అన్నది ముఖ్యం. బియ్యం తెల్లగానే ఉండి తేలికపడాలి. శనగపప్పుకి ఎక్కువసేపు పడుతుంది. అన్నీ ఒక్కసారే మూకుట్లో పోస్తే పెసరపప్పు మాడేసరికి శనగపప్పు పచ్చిగా ఉంటుంది. చల్లారాక గిర్ణీకి, అంటే పిండిమరకి పంపిస్తారు. తెలంగాణలో పిండిమరని గిర్ని అంటే మా కోస్తావాళ్లు నవ్వేవారు, పుణెలో నేనే రోజూ ఆ మాట అనాల్సి వచ్చింది. మరలో మనముందు ఎవరైనా మిరపకాయలు పట్టించి ఉంటే మన చక్లీ సంగతి ఇక చెప్పక్కర్లేదు. అందుకని ఆజీ, మరతనికి మొదట గుప్పెడు బియ్యం వేసి తోయమని చెప్పి, దగ్గరుండి చూసి మరీ వచ్చేవారు.

తర్వాత ఉకడ్. నీళ్లు మరిగించి, అందులో కాగిన నూనె, కారం, పసుపు, ఉప్పు, నువ్వులు, వాము వేసి, దింపి, పిండి కలిపి మూతపెట్టి అరగంట వదిలేయాలి. గోధుమ పిండికి ఉన్న జిగురు ఈ పిండికి లేదు. వేడినీళ్లకి బియ్యంలోని గంజి ఉబ్బి, ఆ జిగురు పని తను చేస్తుంది. ఇక కాగిన నూనె. దాన్ని మోహన్ అంటారు. అది ఉంటేనే గుల్ల. తక్కువైతే చక్లీ బిరుసెక్కుతుంది, ఎక్కువైతే ఏమవుతుందో నేనే స్వయంగా కనిపెట్టాను.

రెండో ఏడాది ఆజీ లెక్క ప్రకారమే చేశాను. గుల్లగా రావాలన్న ఆశతో మోహన్ మాత్రం నా సొంత తెలివితో రెండింతలు పోశాను. సోర్యాలోంచి, అంటే వాళ్ల జంతికల గొట్టంలోంచి, చుట్టలు అందంగానే దిగాయి. నూనెలో పడగానే ఒక్కో చుట్టా విడిపోయి, ఇసుకలాగా అడుక్కి చేరింది. అరకిలో నూనె, ఒక పూట శ్రమ, రెండూ పోయాయి. ఆజీ కిందినుంచి వాసనతోనే పసిగట్టి మెట్లెక్కి వచ్చారు. మూకుట్లోకి చూసి "నవ్వాయా?" అన్నారు.

నాకు అర్థం కాలేదు. నా పిండివంట పాడైతే ఎవరు నవ్వారు? అప్పుడు చెప్పారు. మరాఠీ వాళ్లకి అనారసే అని ఒక వంటకం ఉంది, మన అరిసెకి దగ్గర చుట్టం. బియ్యాన్ని మూడు రోజులు నానబెట్టి, బెల్లంతో కలిపి, గసగసాల మీద వత్తి నేతిలో వేయిస్తారు. పిండి కుదరకపోతే నేతిలో పడగానే విచ్చుకుని చెదిరిపోతుంది. దాన్ని వాళ్లు 'అనారసా హసలా' అంటారు, అనారసా నవ్వింది అని. చెడిపోయిందని అనరు. పండగపూట ఇంత పని పాడైతే కోపం రాకుండా ఉండడానికి ఆ ఇల్లాళ్లు ఎప్పుడో కనిపెట్టిన మాట అయి ఉంటుంది. నా చక్లీలు ఆ సాయంత్రం పగలబడి నవ్వాయి.

వేయించడం దగ్గర ఆజీ నాకు నేర్పినది ఒక్కటే, బుడగలు చూడమని. చక్లీ నూనెలో పడగానే చుట్టూ బుసబుసా బుడగలొస్తాయి. అదంతా పిండిలోని నీరు ఆవిరై పోవడం. బుడగలు తగ్గి నూనె దాదాపు నిమ్మళించినప్పుడే తీయాలి. రంగు చూసి తీస్తే మోసపోతాం. సెగ ఎక్కువైతే పైన ఎర్రబడుతుంది, లోపల నీరుండిపోతుంది, మర్నాటికి చక్లీ మెత్తబడి వంగుతుంది. ఇన్ని చెప్పి చివర్న ఒక సంగతి అన్నారు. నూనె దగ్గర గంట, దానికి ముందు మూడు రోజులు. పక్కవాళ్లకి ఆ గంటే కనిపిస్తుంది.

చక్లీకి తమ్ముడు కడబోళీ. అదే తరహా భాజణీ, కాస్త వెన్న, చేత్తో తాడులా చేసి చుట్టి కొసలు కలుపుతారు. దీని సంగతి మళ్లీ వస్తుంది.

ఇక బాకర్‌వడీ. పుణె నుంచి ఎవరు వచ్చినా సంచిలో ఆ పొట్లం ఉండాల్సిందే. శనగపిండి, మైదా కలిపిన పల్చటి రొట్టె మీద ఎండుకొబ్బరి, గసగసాలు, నువ్వులు, ధనియాలు, సోంపు, కారం, కాస్త చింతపండు పులుపు, కాస్త పంచదార పరిచి, చాపలా చుట్టి, ముక్కలు కోసి, సన్న సెగ మీద ఓపిగ్గా వేయిస్తారు. లోపలి మసాలా పొడిగా ఉండాలి, తడి ఉందంటే పై చుట్ట మెత్తబడుతుంది. ఆరు రుచుల్లో నాలుగైదు ఒక్క ముక్కలో ఉంటాయి. గుజరాతీలు ఇది మాదంటారు. నాగపూర్ వాళ్లేమో, మా పుడాచీ వడీ చూడండి, అంటారు. అది శనగపిండి పొరలో కొత్తిమీర కూరి వేయించేది. దాన్నే సాంబార్ వడీ అని కూడా అంటారు. సాంబార్ అంటే పప్పుచారు అనుకునేరు. విదర్భలో సాంబార్ అంటే కొత్తిమీర! నాగపూర్ కూరగాయల బజార్లో "పావలా సాంబార్" అని అడగ్గా విని నేను గిన్నె ఏదని వెతికాను.

బాకర్‌వడీని పుణెకి పేరుగా మార్చింది చితళే బంధు వాళ్ల దుకాణం. ఈ చితళేలు మొదట పాల వ్యాపారం చేసినవాళ్లు. 1939లో సాంగ్లీ జిల్లా భిలవడీలో మొదలుపెట్టారు. భిలవడీ కృష్ణ ఒడ్డున ఉంది. ఆ నీళ్లే తిరిగి తిరిగి మా బెజవాడ బ్యారేజీకి చేరతాయి కాబట్టి నాకు ఆ బాకర్‌వడీలో కాస్త వాటా ఉందనే నా నమ్మకం. పుణెలో మిఠాయి దుకాణం 1950లో పెట్టారు. ఎంత గిరాకీ ఉన్నా మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా తలుపులు మూసేసేవారు. భోజనం, ఆపైన వామకుక్షి, అంటే ఎడమపక్కకి తిరిగి ఓ కునుకు. దుకాణం ముందు కొనేవాళ్లు ఎండలో నిలబడి నాలుగు కొట్టేదాకా ఎదురుచూడడం నేను కళ్లారా చూశాను. నేనూ నిలబడ్డాను. 2017లో ఆ పద్ధతి మార్చి రోజంతా తెరిచి ఉంచుతున్నామని చెప్తే అది పత్రికల్లో వార్త అయింది. పుణె వాళ్లు కొందరు బాధపడ్డారు కూడా.

చివడా గురించి చెప్పకపోతే తెలంగాణ శ్రోతలు నన్ను క్షమించరు. మీ చుడువ అదే. 1956 దాకా మరాఠ్వాడాలోని ఔరంగాబాద్, నాందేడ్, పర్భణీ, బీడ్, ఉస్మానాబాద్ జిల్లాలూ, తెలంగాణా హైదరాబాద్ రాష్ట్రంలోనే కలిసి ఉండేవి. మాటలూ, డబ్బాలూ అటూ ఇటూ తిరగడానికి అడ్డేముంది? పల్చటి అటుకుల్ని ఎండలో పెట్టి, సన్న సెగ మీద వేయించాలి. సెగ పెరిగిందా, అటుకు ముడుచుకుపోయి చీమ తలకాయంత అవుతుంది. పోపులో ఆవాలు, పచ్చిమిర్చి, కరివేపాకు, పల్లీలు, పుట్నాలు, పల్చగా చెక్కిన ఎండుకొబ్బరి. పచ్చిమిర్చినీ కరివేపాకునీ పూర్తిగా పొడిబారేదాకా నూనెలో ఉంచాలి. మొత్తం డబ్బాని మెత్తబరిచేది ఆ రెండింట్లో మిగిలిన తడే. చివర్న ఉప్పుతో పాటు చిటికెడు పంచదార పొడి. ఆ పంచదారని నేను మొదట్లో క్షమించలేదు, తర్వాత అది లేని చివడాని క్షమించలేకపోయాను.

నాసిక్ చివడా కారంగా, ఘాటుగా ఉంటుంది. కొల్హాపూర్, సాంగ్లీ వైపు వెళితే అటుకుల బదులు మరమరాలు, వెల్లుల్లి, ఎర్రకారం. దాన్ని భడంగ్ అంటారు. రాయలసీమ బొరుగులు తిన్నవాళ్లకి అది సొంతింటి వంటలానే ఉంటుంది.

ఇవన్నీ డబ్బాలో నిలవుండేవి. నిలవుండని కరకర ఒకటుంది, దానికి వాన కావాలి. పుణె పక్కన సింహగడ్ కోట ఉంది, 1670లో మరాఠా సేనాని తానాజీ మాలుసరే ప్రాణాలిచ్చి గెలిచిన కోట. ఇప్పుడు జూలైలో అక్కడికెక్కే జనంలో సగం మంది కాందా భజీ కోసం ఎక్కుతారు. మన ఉల్లిపాయ పకోడీయే, కానీ నీళ్లు పోయరు. సన్నగా చీల్చిన ఉల్లిపాయకి ఉప్పు రాసి పది నిమిషాలు వదిలేస్తే దాని నీరు అదే వదులుతుంది. ఆ తడికి ఎంత పడితే అంతే శనగపిండి. నూనెలో పడ్డప్పుడు పాయలు విడివిడిగా కాళ్లు చాపుతాయి. అందుకే దానికి ఖేక్‌డా భజీ అని పేరు, పీత పకోడీ అని. మబ్బు మొహానికి తగులుతుండగా, చేతిలో గ్లాసు టీ, ఒళ్లో కాగితంలో పీతలు. ఐదు నిమిషాలు ఆలస్యం చేస్తే పీతలు చచ్చిపోతాయి, తినాలన్నా బుద్ధి పుట్టదు. చామాకుకి చింతపండు, బెల్లం కలిపిన శనగపిండి రాసి, చుట్టి, ఆవిరి పట్టి, కోసి వేయించే అళూ వడీ కూడా ఈ జాతిదే. కొత్తిమీర వడీ కూడా. సగ్గుబియ్యం వడలు మాత్రం ఏకాదశి నాటివి. ఉపవాసం పేరు చెప్పి రెట్టింపు తింటామని వాళ్లే ఒక సామెత కట్టుకుని నవ్వుకుంటారు.

తీపిలో ఒక్కటే చెప్పి ఆపేస్తాను, శంకర్‌పాళీ. పాలు, నెయ్యి, పంచదార మూడూ సమానంగా వేడిచేసి, అది పట్టినంత మైదా కలిపి, రొట్టె ఒత్తి, పళ్ల చక్రంతో కోసే వజ్రపు ముక్కలు. పారసీ భాషలో చక్కెర ముక్క అని అర్థమొచ్చే షకర్‌పారా మరాఠీ దేశం చేరేసరికి సాక్షాత్తూ శంకరుడైపోయింది. దీన్ని టీలో ముంచుకు తింటారు. ఇంత కష్టపడి తెచ్చిన కరకరని చేజేతులా టీలో ముంచడమేమిటని నేను ఆజీని అడిగాను. "ముంచేది చిన్న పిల్లలూ, పళ్లు లేనివాళ్లూ" అన్నారు. ఆ మాటంటూనే ఆవిడ ముంచారు.

దీపావళికి ఇవన్నీ ఒక్కచోట చేరితే ఫరాళ్. చక్లీ, చివడా, శేవ్ అనే కారప్పూస, శంకర్‌పాళీ, కరంజీ అనే కజ్జికాయ, లడ్డూ, అనారసే. నరక చతుర్దశి నాడు తెల్లవారకముందే తలంటుకుని, చీకట్లోనే ఫరాళ్ పళ్లెం ముందు కూర్చుంటారు. పక్కన ఒక లావుపాటి పత్రిక ఉంటుంది. మరాఠీ దీపావళి ప్రత్యేక సంచికల సంప్రదాయం 1909లో కాశీనాథ్ రఘునాథ్ మిత్ర 'మనోరంజన్' పత్రికతో మొదలైంది. ఇప్పటికీ ఏటా వందల్లో వస్తాయి. ఆజీ ఇంట్లో అవి చుట్టుపక్కల నాలుగిళ్లు తిరిగేవి. ఏ పేజీలో చక్లీ నలుసులున్నాయో చూసి ఎవరు ఎంతవరకు చదివారో ఆవిడ చెప్పేసేవారు.

ఆ పండగ రోజుల్లో ఇంటింటికీ డబ్బాలు తిరుగుతాయి. వచ్చిన డబ్బా ఖాళీగా తిప్పి పంపకూడదు. మూడో ఏడాది ఆజీ డబ్బా నా దగ్గరుండిపోయింది. చక్లీలు మళ్లీ నవ్వుతాయేమోనన్న భయంతో, నాకు వచ్చిన పని చేద్దామని, మా అమ్మ పద్ధతిలో చేగోడీలు చేశాను. బియ్యప్పిండిని మరిగే నీళ్లలో వేసి, నానిన పెసరపప్పు, వాము, వెన్న కలిపి, నువ్వుల్లో అద్ది చుట్టాను. బుడగలు ఆగేదాకా ఆగాను. డబ్బా నింపి కిందికి వెళ్లాను.

మూత తీసి, "అరే, కడబోళీ!" అన్నారు ఆజీ. కాదు, చేగోడీ అన్నాను. ఆవిడ వినిపించుకోలేదు. ఒకటి తీసి చెవి పక్కన పెట్టి విరిచారు. నేను ఖుస్‌ఖుశీత్ అనే మాట కోసం ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. ఏమీ అనలేదు. వంటింట్లోకి వెళ్లి స్టౌ వెలిగించారు. అల్లం దంచుతున్న చప్పుడు, తర్వాత కప్పుల చప్పుడు.

టీ తెచ్చి నా చేతికిచ్చారు. ఆ రోజు "నుసతా చహా?" అనలేదు, అలమార తలుపు తీయలేదు. మా ఇద్దరి మధ్య ఉన్న స్టీలు పళ్లెంలో నా చేగోడీలే ఉన్నాయి.